పది బై పదిలో పతంజలి

నెలనెలా జీఎస్టీ త్రీబీ రిటర్ను దాఖలు చేసేవాళ్లకి గడువు 20వ తారీఖు. అంతర్జాతీయ యోగా దినం జూన్ 21. ఇది కాకతాళీయం అనుకునేవాళ్లు జన్మలో పద్దులు రాసి ఉండరు. పైగా యోగా దినం 2015లో మొదలైంది, జీఎస్టీ 2017లో వచ్చింది. జబ్బు పుట్టకముందే మందు కనిపెట్టి పెట్టుకున్న దేశం మనది!

నేను ఇనుప సామాను హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తాను. పద్దెనిమిది నుంచే గుండె దడ. ఇరవై పొద్దున్నే ఎడమ కన్ను అదరడం. రాత్రి పోర్టల్ తెరుచుకోక తెర మీద చక్రం తిరుగుతుంటే దాంతోపాటు నా తలా తిరుగుతుంది. డాక్టరు బీపీ చూసి, "యోగా చెయ్యండి. ఎక్కడుంటారు?" అన్నాడు. "కామాఠీపురా" అన్నాను. రాస్తున్న పెన్ను ఆగింది.

ముంబైలో ఎర్రదీపాల వాడగా ముద్రపడ్డ చోటు కదా, ఆ ఆగడం మాకు అలవాటే. ట్యాక్సీ ఆగదు గానీ ఎదుటివాడి మాట ఆగుతుంది. పెళ్లి సంబంధాల దగ్గరైతే సంబంధమే ఆగుతుంది. అందుకే మావాళ్లు సగంమంది నాగ్‌పాడా అనో ముంబై సెంట్రల్ అనో చెప్పుకుని గట్టెక్కుతారు. నిజానికి కామాఠీపురా అన్న పేరు మాదే. నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ ఊరి గోడలు లేపిన కూలీలు కామాఠీలు. ఊరంతా కట్టినవాళ్ల వారసుడిగా నాకు దక్కింది ఓ చాల్‌లో పది బై పది ఖోలీ.

ముంబైకి యోగా కొత్తేం కాదు. యోగేంద్ర 1918లో వెర్సోవాలో, దాదాభాయి నౌరోజీ ఇంట్లో, యోగా ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టాడు. ఇప్పుడది శాంతాక్రూజ్‌లో ఉంది. 1924లో కువలయానంద లోనావాలాలో కైవల్యధామం పెట్టాడు. ఒకరికి సముద్రం, ఒకరికి కొండలు. కామాఠీపురా గల్లీలో ఎవరూ ఎందుకు పెట్టలేదో మొదటి రోజే తెలిసొచ్చింది.

చాప పొడవు ఆరడుగులు. ఖోలీలో మంచం, బీరువా, కుట్టుమిషను, నీళ్ల డ్రమ్ము, అమ్మ. ఇవన్నీ పోను మిగిలిన జాగా నాలుగడుగులు. భుజంగాసనంలో పడగెత్తితే ఎదురుగా గ్యాస్ సిలిండరు. సర్వాంగాసనంలో కాళ్లు లేపితే అటక మీది మామిడికాయ తొక్కు జాడీ. పశ్చిమోత్తానాసనం అంటే పడమటికి తిరిగి వంగడమని అమ్మ తేల్చేసింది. పడమట బీరువా ఉంది. ఆ ఆసనం మా ఇంట్లో రద్దు.

ప్రాణాయామం కూర్చుని చేసేదే కదా అనుకున్నాను. ఎడమ ముక్కుతో పీల్చాను: ఎండు మిరపకాయల పోపు. కుడి ముక్కుతో మెల్లగా వదలాలి. తుమ్ము రూపంలో రెండింటితోనూ ఒకేసారి వదిలాను. ఇలా కాదని గ్యాలరీలోకి వెళ్లాను. అంతస్తు మొత్తానికి ఉన్న మరుగుదొడ్లు ఆ చివరే. అక్కడ కుంభకం మాత్రం అద్భుతంగా కుదిరింది. ఎంతసేపైనా ఊపిరి బిగబట్టగలిగాను.

ఇక మిగిలింది శవాసనం. జూన్ 20 రాత్రి పదకొండు యాభైకి రిటర్ను పంపి, తెల్లారుజామున గ్యాలరీలో చాప పరిచి పడుకున్నాను. నీళ్లకు బిందె పట్టుకుని వస్తున్న పక్క ఖోలీ అవ్వ నన్ను చూసి బిందె వదిలేసింది.

"అయ్యో బిడ్డా! రాత్రిదాక మంచిగనే ఉండెగదనే!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒకరు అరికాళ్లు రుద్దుతున్నారు, ఒకరు ముక్కుకి ఉల్లిగడ్డ పెడుతున్నారు. "ఆ శేటే సంపిండు" అని ఎవరో తీర్పు కూడా చెప్పేశారు. లేచేవాణ్ణే. అంతలో ఇంకో గొంతు, "బంగారమసొంటి పోరడు, ఒక్కనాడన్న నల్లాకాడ కొట్లాడలే" అంది. దుకాణంలో పన్నెండేళ్లు పనిచేశాను, ఇంత మంచి మాట ఒక్కటి పడలేదు. కళ్లు తెరవబుద్ధి కాలేదు. ఇంకా ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఊపిరి కూడా మెల్లగా తీశాను. దేహం తేలికైపోయింది. దడ లేదు, కన్ను అదరడం లేదు. పతంజలి చెప్పిన స్థితి ఇదే అయ్యుండాలి.

కిందినుంచి కేక వినబడింది: "నల్లా వచ్చిందీ!"

కళ్లు తెరిచేసరికి గ్యాలరీలో ఒక్క మనిషి లేడు. నా ఛాతీ మీద ఉల్లిగడ్డ ఉంది.

నేనూ బిందె పట్టుకుని పరుగెత్తాను. వరసలో అందరికంటే వెనక నిలబడ్డాను. అవ్వ వెనక్కి తిరిగి చూసి, "బతికినవా? అయితే రెండో బిందె గూడ తేకపోయినవా" అంది.

తెల్లారుజామున మా చాల్‌కి వచ్చేవాళ్లకి ఒక మనవి. గ్యాలరీలో ఎవరైనా కాళ్లు చాపుకుని పడి ఉంటే దాటుకుని వెళ్లండి, లేపకండి. నల్లా వస్తే మాత్రం లేపండి.