గుళికా మీమాంస

గురి తప్పినవాడు తన చేతిని నిందించుకొనిన దాఖలా లోకములో మిక్కిలి అరుదు. పూర్వము వాడు తుపాకిని నిందించెడివాడు. తరువాత తుపాకిపై బిగించిన దుర్భిణిని నిందించెను. ఇప్పుడు ఆ రెండింటికిని లక్షలు వెచ్చించియున్నాడు గనుక వాటిపై నింద మోపుటకు మనసొప్పక, చిటికెనవ్రేలి గోటిపై నిలువగల సీసపు ముక్కపై ఆ భారమునంతయు దింపి నిశ్చింతుడగుచున్నాడు. ఆడలేక మద్దెల ఓడనిన సామెత మనవారిది. ఈ కాలపు మద్దెల ఖరీదైనది కావున, ఓటిదనము మద్దెలపై పూసిన నల్లని ముద్దకు సంక్రమించినది.

ఎయిర్‌గన్‌తో నూరు గజాల, అంతకు మించిన దూరముల లక్ష్యములను గురిచూచి కొట్టు వినోదము అమెరికాలోను, ఐరోపాలోను ఇటీవల పెంపొందినది. దానితోపాటు, అందులో వాడు స్లగ్గులను సీసపు గుండ్లను గూర్చి 'ఏ స్లగ్గు మేలైనది' అను ఒక శాస్త్రమును, ఆ శాస్త్రమునకు అసంఖ్యాకులైన పండితులును పుట్టుకొని వచ్చిరి. ఈ పండితులలో కాల్చువారికంటె తూచువారు ఎక్కువ. తూచువారికంటె కొనువారు ఎక్కువ. కొనువారికంటె, కొనవలసినది ఏదో చెప్పువారు మరియు ఎక్కువ.

న్యాయముగా పలుకవలెనన్న స్లగ్గునందు సత్తువ లేకపోలేదు. గాలితుపాకి గుండుగా మనమందరము ఎరిగిన పెల్లెట్టు నడుము సన్నముగాను, వెనుక గుల్లయైన పావడాతోను ఉండును. బాడ్మింటను ఈకబంతి ఎట్లు ముక్కు ముందుకు తిప్పుకొని పోవునో, ఇదియు అట్లే పావడాపై పడు గాలి ఒత్తిడివలన తిన్నగా పోవును. దానిని తిన్నగా నడపునదియు ఆ పావడాయే, దాని వేగమును హరించునదియు ఆ పావడాయే. స్లగ్గునకు నడుమును లేదు, పావడాయు లేదు. రూపమున అది నిజమైన తుపాకిగుండునకు తమ్ముడు. గాలిని చీల్చుకొనిపోవు సామర్థ్యమును తెలుపు బాలిస్టిక్ కోఎఫిషియెంటు అను అంకె పెల్లెట్టునకు సుమారు 0.03 అయినచో, మంచి స్లగ్గునకు 0.08 దాకను పోవును. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో నూరు గజాలవద్ద పెల్లెట్టు జానెడుకు మించి తొలగిపోవునెడ, స్లగ్గు అందులో సగమునకు లోపుగనే తొలగును. ఇది చిన్న లాభము కాదు. దీనిని కాదనువాడు భౌతికశాస్త్రముతో కలహించుచున్నాడన్నమాట.

అయితే పావడాను విడిచినందుకు వెల చెల్లింపవలసియున్నది. గాలిలో తన్ను తాను నిలుపుకొనుటకు స్లగ్గునకు భ్రమణము తప్ప వేరొక ఆధారము లేదు. ఆ భ్రమణమును ఇచ్చునది గొట్టములోని మెలితిరిగిన గాళ్లు. గుండు పొడుగైనకొలది ఆ మెలిక బిగువుగా ఉండవలెనని 1879లోనే వూలిచ్‌లోని గణితాచార్యుడు ఆల్ఫ్రెడ్ గ్రీన్‌హిల్ సూత్రము కట్టియున్నాడు. పెల్లెట్లను ఉద్దేశించి తయారుచేసిన గొట్టములు పెక్కింటిలో 450 మిల్లీమీటర్లకు ఒక్క చుట్టు మాత్రమే యుండును. అదియుగాక గొట్టపు కొసను ఇంచుక బిగించియుందురు. ఆ బిగింపు పలుచని పావడాగల పెల్లెట్టునకు మేలుచేయును, ఒడలెల్ల సీసమైన స్లగ్గునకు తరచుగా కీడుచేయును. కావున స్లగ్గును ఎన్నుకొనుట యనగా ముందుగా గొట్టమును ఎరుగుట. ఈ గొట్టమునకు ఈ గుండు తగును, ఆ గొట్టమునకు తగదు అని చెప్పవచ్చునే గాని, సర్వజనులకును సర్వోత్తమమైన స్లగ్గు ఇదియే యని చెప్పుటకు ఆధారమెక్కడిది? అట్లయినను ప్రతి సంవత్సరమును ఒక సర్వోత్తమ స్లగ్గు అవతరించుచునే యున్నది, పోయిన సంవత్సరపు సర్వోత్తమము అటకెక్కుచునే యున్నది.

కొలతల మాట. 5.5 మిల్లీమీటర్ల తుపాకికి స్లగ్గులు 0.216, 0.217, 0.218 అంగుళముల వ్యాసములతో వేరువేరు డబ్బాలలో దొరకును. వదులైన గుండు తన ప్రక్కలనుండి గాలిని జారవిడుచును, గాళ్లను సరిగా పట్టదు. మరీ బిగువైనదానిని లోనికి త్రోయుటకే బలప్రయోగము కావలసివచ్చును, ఆ త్రోపులో దాని రూపము చెడును. ఒకే కార్ఖానాలో పుట్టిన రెండు గొట్టములలో ఒకదానికి 0.217 నచ్చి, రెండవదానికి 0.218 నచ్చుట వింత కాదు. ఈ సంగతి తేల్చుకొనుటకు మూడు డబ్బాలును, గాలి లేని ఒక ఉదయమును చాలును. కాని మన రసికుడు ఉదయముతో తృప్తిచెందువాడు కాడు. అతని అసలు సాధన రాత్రి భోజనానంతరము ప్రారంభమగును.

ఆ సాధనను దగ్గరగా చూచినవారికి తెలియును. గిన్నెలు తోము సబ్బునీటిలో స్లగ్గులను కడిగి, తువ్వాలుపై ఆరబెట్టి, సిలికాను నూనె చుక్కను చేర్చి సంచిలో దొర్లించి, పిమ్మట ఒక్కొక్కదానిని పట్టకారుతో ఎత్తి, ఉచ్ఛ్వాసమునకు కూడ అంకె కదలునేమోయని ప్లాస్టిక్ మూతగల డిజిటల్ త్రాసుపై పెట్టి, గ్రెయిను అను తూకపు కొలతలో పదవవంతు తేడాను బట్టి వేరువేరు గడులలో చేర్చును. ఇంటివారు ఇద్దరు ముగ్గురు మాటలాడకుండ నడచుట నేర్చుకొందురు. బంగారము తూచు కంసాలి వీధిలో సయితము ఇంత నిశ్శబ్దము ఉండదు.

ఈ తపస్సునకు ఫలమెంత? లెక్క కష్టమైనది కాదు. 25 గ్రెయిన్ల స్లగ్గు సెకనుకు 280 మీటర్ల వేగముతో వెలువడినదనుకొందము. నూరు గజాలు చేరులోపల అది ఇంచుమించు 60 సెంటీమీటర్లు క్రిందికి దిగును. తూకములో గ్రెయినులో పదవవంతు తేడా యనగా నూటికి 0.4 వంతు, త్రోయు శక్తి మారనిచో దిగుడును ఆ నిష్పత్తిలోనే మారును గనుక, వచ్చు భేదము రెండు మిల్లీమీటర్లు, మహా అయినచో రెండున్నర. ఇక గాలివైపు చూడుడు. అడ్డగాలి గంటకు ఒక్క కిలోమీటరు మారినదా, అదే స్లగ్గు అదే దూరమున సుమారు ఒక సెంటీమీటరు ప్రక్కకు జరుగును. గంటకు ఒక కిలోమీటరు గాలి చెంపకు తెలియదు, ఆకును కదల్పదు. అగరువత్తి పొగ మాత్రమే దానిని ఎరుగును. రెండు మిల్లీమీటర్లకై జాగరణ చేసిన ఈ పుణ్యాత్ముడు, పది మిల్లీమీటర్లను మ్రింగివేయు గాలికొరకు దారిపొడవున నాలుగు కర్రలు పాతి వాటికి పట్టు పేలికలు కట్టడు. కట్టినను వాటివంక చూడడు. పేలికకు వెల లేదు. వెల లేనిదానిని గూర్చి తోటివారితో ముచ్చటించుట ఎట్లు?

ఇక ఫలప్రదర్శన ఘట్టము. మూడు గుండ్లు కాల్చును, కాగితమును తెచ్చును, రంధ్రముల ప్రక్కన ఒక నాణెము పెట్టి ఛాయాచిత్రము తీయును. అమెరికావారి పది సెంట్ల నాణెము వ్యాసము 17.9 మిల్లీమీటర్లు, నూరు గజాల దూరమునుండి కొట్టిన మూడు రంధ్రములును దానిక్రింద దాగినవనిన చూచువారు విస్తుపోవుట సహజము. విస్తుపోకముందు వారు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఎన్ని కాగితములలో ఇది ఒకటి? తుపాకి మారలేదు, గుండు మారలేదు, చేయి మారలేదు. అయినను మూడు గుండ్ల గ్రూపు, అనగా కాగితముపై పడిన రంధ్రముల గుంపు, సగటున పది గుండ్ల గ్రూపులో పదింట ఆరు వంతుల వెడల్పు మాత్రమే ఉండును. ఇది నైపుణ్యమువలన వచ్చిన తగ్గుదల కాదు, లెక్క తగ్గించినందువలన వచ్చినది. అట్టి మూడు గుండ్ల గ్రూపులను ఇరువది కాల్చి, వాటిలో అందమైనదానిని ఏరి చూపినచో, ఎంత నాసి స్లగ్గైనను ఒక దినమునకు సర్వోత్తమము కాగలదు. తక్కిన పందొమ్మిది కాగితములు పొయ్యిలోనికి పోవును. పోవునపుడు అవి ఏమియు చెప్పవు.

నాలుగవ గుండు ఒకటి కాల్చి అది దూరముగా పడినచో దానికి 'ఫ్లయర్' అని నామకరణము జరుగును. ఈ నామకరణమందలి ధర్మసూక్ష్మమును గమనింపుడు: గ్రూపులోనికి వచ్చిన గుండ్లు కాల్చినవాని ప్రతిభకు నిదర్శనములు, వెలుపలికి పోయినది డబ్బాలోని దోషమునకు నిదర్శనము. మరియు 'నా వంతు నేను సరిగా చేసితినా, ఈ స్లగ్గు అంగుళములో పడును' అను వాక్యమొకటి వారి నోట సదా వినవచ్చుచుండును. తన వంతు తాను సరిగా చేసిన ఆ శుభదినము ఏది, ఆనాడు ఎన్ని గుండ్లు కాల్చెను, గాలి ఏ దిక్కునుండి వీచెను అని అడిగినవారికి మాత్రము సమాధానము లభింపదు. అరిజోనాలో జరుగు ఎక్స్‌ట్రీమ్ బెంచ్‌రెస్ట్ పోటీవంటి చోట్ల నూరు గజాలవద్ద పోటీకై కాల్చిన ప్రతి గుండును లెక్కకు వచ్చును. 'ఇది నాది కాదు' అని ఒకదానిని పెకలించి పారవేయుటకు వీలులేదు. అందుచేతనే కాబోలు, అచ్చట నోళ్లు తగ్గి గాలిని తెలుపు జెండాలవైపు చూపులు పెరుగును.

వేగమే గురియని నమ్మినవారి సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. ధ్వనివేగము సెకనుకు సుమారు 343 మీటర్లు. దానిని సమీపించినకొలది గుండుచుట్టు గాలి కల్లోలమై, బాగుగా పోవుచున్న గుండు కూడ తూలును. అట్లు తూలినప్పుడు వారు వేగమును తగ్గింపరు, బ్రాండును మార్తురు.

ఒక్కసారి చరిత్రవైపు తొంగిచూతము. 1780 ప్రాంతమున ఆస్ట్రియా సైన్యము గిరాండోని అను తుపాకిశిల్పి రూపొందించిన గాలితుపాకులను చేపట్టినది. అమెరికా అన్వేషకులైన లూయిస్, క్లార్కులు 1804లో బయలుదేరి పసిఫిక్ తీరముదాక నడచిన యాత్రలో ఒక గాలితుపాకిని వెంటగొనిపోయి, దారిలోని ఆదివాసి జాతుల యెదుట పేల్చి చూపి ఆశ్చర్యచకితులను చేసిరి. గిరాండోని తుపాకిలో వాడినది అచ్చులో పోసిన ఉట్టి గుండ్రని సీసపు గోలి. దానిని ఎవరును సబ్బునీట కడిగి యుండరు. శత్రువు పారిపోయిన తరువాత ఆ గోలిని గూర్చి వ్యాసము వ్రాసిన సైనికుడును ఉండడు.

అన్నింటికంటె నవ్వు పుట్టించునది చట్టము విధించిన హద్దులలో జరుగు స్లగ్గు వ్యామోహము. ఇంగ్లండులో ప్రత్యేకమైన అనుమతిపత్రము లేకుండ ఉంచుకొనదగిన ఎయిర్ రైఫిలు శక్తి 12 అడుగు-పౌన్లు, అనగా సుమారు 16.3 జౌళ్లు. పైన చెప్పిన 25 గ్రెయిన్ల స్లగ్గును ఆ శక్తితో విడిచినచో అది సెకనుకు 140 మీటర్లకు కొంచెము పైన బయలుదేరి, నూరు గజాలు చేరునప్పటికి రెండు మీటర్లకు మించి దిగును. నిలువెత్తు మనిషి తలపై గురి పెట్టిన గుండు వాని పాదములముందర నేలలో దిగుననుట! ఆ శక్తికి తేలికయైన పెల్లెట్టే తగునని దుకాణదారు సయితము చెప్పును. కాని స్లగ్గు డబ్బాపైనున్న బొమ్మ అంతకంటె గంభీరముగా చెప్పును.

మనదేశమున 2016 ఆయుధ నియమములను బట్టి 4.5 మిల్లీమీటర్లకు, 20 జౌళ్లకు లోబడిన గాలితుపాకికి లైసెన్సు అక్కరలేదు, మించినచో కావలెను. సెకనుకు 280 మీటర్లు పోవు ఆ 5.5 మిల్లీమీటర్ల స్లగ్గు శక్తి 63 జౌళ్లు. వ్యాసమునను మించినది, శక్తియందు మూడు రెట్లకు పైగా మించినది. ఈ సంగతి ఎరుగక, 20 జౌళ్ల లోపలి తుపాకిని కొని, అమెరికావాడు మెచ్చిన స్లగ్గు దొరకలేదే యని నిట్టూర్చువారు మన ఊళ్లలోను కలరు. వారి ఊళ్లలోనే వేరొక విద్యయు కలదు. 2008లో బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో లండనులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కంచును తెచ్చినది పది మీటర్ల ఎయిర్ రైఫిలులో. అందు వాడునది చదును ముఖముగల 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్టు; గాలిని చీల్చుటలో అంతకంటె మొద్దు ఆకారము దొరకదు. నాలుగు గోడల నడుమ, పది మీటర్లలో ఆ మొద్దుతనము బాధింపదు, పైగా కాగితమున అంచు తెగిన శుభ్రమైన రంధ్రము పడును. అచ్చట పది మార్కులకు గుర్తైన చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. వారును పెల్లెట్లను ఎంచుకొందురు, తమ గొట్టమునకు నప్పిన బ్యాచిని వెదకి పరీక్షింతురు. ఇది నేను దాచను. కాని ఆ వెదకులాట ఊపిరిని, వ్రేలిని, కాళ్లను సంవత్సరముల తరబడి అదుపులో పెట్టిన పిమ్మట మిగిలిన చివరి వెంట్రుకవాసికి సంబంధించినది. మనవాడు ఆ వెంట్రుకతోనే విద్యాభ్యాసము ఆరంభించుచున్నాడు.

ఇంతకును, ఏ గుణమునకై స్లగ్గును ఇంతగా కొనియాడుచున్నారో, ఆ గుణము గురి తప్పినప్పుడును దానిని విడిచిపోదు. పెల్లెట్టు తప్పినచో దాని పావడా దానిని త్వరలోనే అలసటకు గురిచేయును. స్లగ్గు వేగమును దాచుకొన్నది గనుక అంతకు చాల దూరము పోవును, రాతికి తగిలి ప్రక్కకు ఎగిరినను సత్తువతోనే ఎగురును. డల్లాసు పొలిమేరలలో ఇల్లు కట్టుకొని, పెరటిలో బల్ల వేసికొని ఈ సరదా తీర్చుకొనదలచిన తెలుగువాడెవరైన యున్నచో, అతనికి ముందుగా కావలసినది మనిషియెత్తు మట్టికట్ట. స్లగ్గు డబ్బా కాదు. చేతిలోని ఫోనులో దూరమును, వేగమును, బాలిస్టిక్ కోఎఫిషియెంటును నింపగనే ఎన్ని సెంటీమీటర్లు దిగునో చెప్పు పట్టిక వెంటనే ప్రత్యక్షమగును. ఆ పట్టికలో లక్ష్యమునకు వెనుక ప్రక్కింటివారి కంచె ఎన్ని గజాలలో నున్నదో వ్రాయుటకు గడి లేదు. ఉండినను, దానిని నింపుటకై మన రసికుడు ఒక్కసారి తుపాకిపైనుండి తలయెత్తి చూడవలసివచ్చును.