చదువు ఉచితమే, చదువుకోవడమే ఖరీదు

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉన్నంత చవక చదువు మరెక్కడా లేదని ఏలినవారు తరచూ సెలవిస్తుంటారు. కాదనడానికి వీల్లేదు, సాక్ష్యం అచ్చులోనే ఉంది. ప్రాస్పెక్టస్ తెరిచి రెగ్యులర్ ఎంఏ ఫీజు గడి చూడండి. హైదరాబాద్‌లో పేరుమోసిన కార్పొరేట్ బడిలో ఎల్‌కేజీ పిల్లాడికి కట్టే డబ్బుతో ఇక్కడ పీజీ పట్టా చేతికొచ్చేస్తుంది, పైగా చిల్లర మిగులుతుంది. కాబట్టి పేదవాడు చదవలేదంటే ఆ తప్పు పేదవాడిదేనని తేలిపోయింది. చిక్కల్లా ఒక్కటే. ఆ గడిలో రాసింది ఫీజు, ఖర్చు కాదు. పెళ్లికి ఎంతయిందయ్యా అంటే పసుపుతాడు ధర చెప్పినట్టుంటుంది మన విశ్వవిద్యాలయాల లెక్క. తాడు ధర నిజమే, అందులో దొంగలెక్క ఏమీ లేదు. మండపం, భోజనాలు, బాజాభజంత్రీల సంగతి అడిగినవాడే మర్యాద తెలియనివాడు. ఆ మర్యాద కాసేపు పక్కన పెట్టి మిగతా గడులు నింపి చూద్దాం. ప్రతిపక్షం ఆరోపణలు వద్దు, విద్యార్థి సంఘాల కరపత్రాలూ వద్దు. వీలైనంతవరకు సర్కారు తన నోటితో చెప్పిన అంకెలే చాలు.

మొదటి గడి తిండి. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1,500 రూపాయలున్నది 2,100 అయింది. పెంచినందుకు దండం పెట్టాల్సిందే. పెట్టాక 30తో భాగిస్తే రోజుకు 70 రూపాయలు తేలుతుంది. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, నడుమ ఓ గుడ్డు, అన్నీ అందులోనే. ఇక క్యాంపస్ మెస్సుల్లో నడిచేది డివైడింగ్ సిస్టం. నెల తిరిగేసరికి బియ్యం, పప్పు, కూరగాయలు, గ్యాస్ ఖర్చంతా కూడి తిన్న తలలతో భాగిస్తారు. టమాటా కిలో వంద దాటిందంటే ఆ వార్త హాస్టల్ కుర్రాడికి పేపర్లో కాదు, మెస్ బిల్లులో కనిపిస్తుంది. స్కాలర్‌షిప్పుకు మించిన సొమ్ము అతని పేరిట బాకీగా నిలుస్తుంది. కోర్సు అయిపోయి టీసీ కోసం వెళ్లిన రోజున చేతిలో 'నో డ్యూస్' కాగితం పెడతారు. లైబ్రరీకో గడి, ల్యాబుకో గడి, హాస్టలుకో గడి, మెస్సుకో గడి, గడికో సంతకం. మిగతా సంతకాలన్నీ దొరికి మెస్ గడి ఖాళీగా ఉండిపోతుంది. ఉద్యోగంలో చేరాలంటే సర్టిఫికెట్లు కావాలి, సర్టిఫికెట్లు రావాలంటే బాకీ తీరాలి, బాకీ తీరాలంటే ఉద్యోగం కావాలి. విశ్వవిద్యాలయం నేర్పే చివరి తర్కశాస్త్ర పాఠం ఇదే. దీనికి వేరే ఫీజు లేదు.

రెండో గడి తల దాచుకునే చోటు. హాస్టల్ సీటు దొరకని ఉస్మానియా విద్యార్థికి తార్నాక, విద్యానగర్, నల్లకుంటల్లోని ప్రైవేటు హాస్టళ్లే దిక్కు. ఆ మంచం అద్దె ఏ ప్రాస్పెక్టసులోనూ ఉండదు గానీ జీఎస్టీ కౌన్సిల్ కంట మాత్రం పడింది. హాస్టలంటే ఇల్లా, హోటలా అని వాదోపవాదాలు నడిచాక, మనిషికి నెలకు 20 వేలకు మించని అద్దెతో మూడు నెలలు వరసగా ఉంటే పన్ను వద్దని 2024లో తేల్చారు. చదువు చెప్పేవాళ్లకు కనిపించని ఖర్చు పన్ను వేసేవాళ్లకు ముందే కనిపించిందన్నమాట. మూడో గడి బస్సు. గ్రేటర్ హైదరాబాద్ స్టూడెంట్ పాస్ 2025 జూన్‌లో నెలకు 400 నుంచి 600 రూపాయలకు ఎక్కింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి అమ్మాయిలకు ప్రయాణం ఉచితం. దారి ఖర్చు తీసేస్తే కాలేజీ ఎంత దగ్గరవుతుందో ఎరిగిన సర్కారే ఆ మంచి పని చేసింది. అబ్బాయిల దగ్గరికొచ్చేసరికి ఆ ఎరుక పాస్ కౌంటర్ దగ్గర దిగిపోయింది. నాలుగో గడి పాఠం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఖాళీ కుర్చీ పాఠం చెప్పదు. అందుకని క్యాంపస్‌లో దొరకని సగం చదువును కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటలోనూ, గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లోనూ కొనుక్కోవాలి. ప్రభుత్వం మిగుల్చుకున్న జీతాల్ని విద్యార్థి కోచింగ్ సెంటర్‌లో కడుతున్నాడు.

ఇక్కడ ఓ ఆర్థికవేత్త అడ్డం వస్తాడు. కుర్రాడు ఇంట్లో ఉన్నా తినేవాడే కదా, ఆ తిండిని చదువు ఖాతాలో ఎలా రాస్తారంటాడు. న్యాయమైన ప్రశ్నే. సరే, తిండి గడి కొట్టేద్దాం. కానీ ఆ ఆర్థికవేత్త పుస్తకంలోనే ఇంకో గడి ఉంది, చదువుకునే రోజుల్లో పోయిన కూలి. తెలుగు రాష్ట్రాల్లో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ పథకం అప్పటికి వంద రోజులకేననుకోండి, రేటు మాత్రం సర్కారు కట్టిందే, మేస్త్రీ దగ్గర పనికి పోతే ఇంకా ఎక్కువే గిట్టుతుంది. ఏడాదికి 300 రోజులు ఈ రేటునే వేసుకున్నా 92,100 రూపాయలు. ఇరవయ్యేళ్ల కొడుకును ఎంఏకు పంపిన కూలీ కుటుంబం ఏటా వదులుకునే సొమ్ము ఇది. దీనికి రసీదు ఇవ్వరు, రీయింబర్స్‌మెంటూ ఉండదు. దీని మీద మంచం అద్దె, బస్ పాస్, పరీక్ష ఫీజు, కోచింగ్ చేరితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అసలు ఫీజు ఈ మోపులో ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇలాంటి కుటుంబాన్ని సర్కారు పేదదిగా గుర్తిస్తుందా అంటే అది మీసేవ కాగితాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే కుటుంబ ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. లక్షన్నరంటే ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు 410 రూపాయల చిల్లర. ఇదే దేశంలో ఏటా 8 లక్షలకు లోబడి సంపాదించేవారు ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు తగినంత బలహీనులు. 2025 బడ్జెట్ ప్రకారం కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా ఆదాయమున్నవారు పన్ను కట్టలేనంత బీదవారు. 2 లక్షల మీద ఒక్క రూపాయి సంపాదించిన ఆటోడ్రైవరు మాత్రం కూతురి ఫీజు కట్టుకోగల శ్రీమంతుడు. పేదరికాన్ని కొలవడానికి మన దగ్గర కొలబద్దలకేం కొరత లేదు. చదువు దగ్గరికి వచ్చేసరికి అందరికంటే పొట్టిది బయటికి తీస్తారు.

ఆ పొట్టి కొలబద్దకు సరిపోయినవారికైనా డబ్బు వేళకు అందుతుందా? 2008లో వైఎస్ హయాంలో మొదలైన ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఎన్నో ఇళ్లలో మొదటి పట్టభద్రుణ్ని చూపించింది. ఆ మేలును తక్కువ చేయడానికి లేదు. కానీ ఆ తర్వాత దాన్ని నడిపిన ప్రభుత్వాలన్నీ ఒక్క విషయంలో కలిసికట్టుగా ఉన్నాయి, అది బకాయి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యా దీవెన పేరిట డబ్బు తల్లుల ఖాతాలో వేశారు, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకు మళ్లించారు. ఎవరి ఖాతాలో వేయాలన్న దానిమీద జరిగినంత చర్చ ఎప్పుడు వేయాలన్న దానిమీద జరగలేదు. తెలంగాణలో బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు తాళాలే వేశాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా సర్కారు బాకీకి తాకట్టుగా విద్యార్థి మార్కుల మెమోలు బీరువాలో ఉండిపోతాయి. ప్రపంచంలో అప్పు ఒకరిది, తాకట్టు ఇంకొకరిది అయ్యే ఏర్పాటు ఇదొక్కటే కాబోలు.

తేరగా ఇస్తే విలువ తెలియదు, వాడుకున్నవాడే కట్టాలి అనే వాదం కొత్తదేం కాదు. 2000లో ముకేశ్ అంబానీ, కుమారమంగళం బిర్లా కలిసి ప్రధానికి ఇచ్చిన నివేదిక ఉన్నత విద్యకు ఆ సూత్రాన్నే చెప్పింది. అంతకుముందు 1992-93లో మన తెలుగువారే అయిన జస్టిస్ కె.పున్నయ్య నాయకత్వంలోని యూజీసీ కమిటీ, విశ్వవిద్యాలయాలు తమ ఖర్చులో మొదట 15 శాతం, పదేళ్లకు 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలంది. ప్రధాన భారం మాత్రం ప్రభుత్వమే మోయాలని కూడా అదే కమిటీ రాసింది. మన పాలకులు మొదటి వాక్యం చదివి పుస్తకం మూసేశారు. దాని ఫలమే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. ఒకే గది, ఒకే బల్ల, ఒకే పాఠం. రెగ్యులర్ కుర్రాడు కట్టిన దానికి పక్కవాడు ఎన్నో రెట్లు కడతాడు. వాడుకున్నవాడే కట్టాలన్న సూత్రం నిజమైతే ఇద్దరూ ఒకే పాఠం వాడుకున్నారు కదా! ఇక చదువును వాడుకునేది విద్యార్థి ఒక్కడేనా? ప్రభుత్వ బడిలో టీచరు, జిల్లా ఆసుపత్రిలో డాక్టరు, పన్ను కట్టే ఇంజినీరు ఊరికి పనికొచ్చినప్పుడు ఊరు బిల్లు పంచుకోదా?

పన్ను కట్టేవాడి డబ్బుతో పది రూపాయల గదిలో ఏళ్ల తరబడి ఉంటారా అని 2019లో జేఎన్‌యూ విద్యార్థుల మీద దేశం కోప్పడింది. ఇద్దరుండే గదికి అద్దె 10 నుంచి 300కు, ఒక్కరుండే గదికి 20 నుంచి 600కు పెంచబోయారు. పది రూపాయలు హెడ్‌లైన్లకెక్కింది. అక్కడ 2017-18లో చేరినవారిలో 40 శాతం మంది కుటుంబ ఆదాయం నెలకు 12 వేల లోపేనని ఆ విశ్వవిద్యాలయ వార్షిక నివేదికే చెప్పిన మాట లోపలి పేజీల్లో ఉండిపోయింది. పోనీ అప్పు తీసుకోండి అంటారు. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది, 10 లక్షల దాకా అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ. మంచిదే. మొదలైనప్పుడు వర్తించింది 860 మేటి సంస్థలకు, వడ్డీ రాయితీ ఏటా దేశం మొత్తానికి లక్ష మందికి. ఆ జాబితాకెక్కని కాలేజీలో ఎంఏ చరిత్ర చదివే పిల్ల బ్యాంకుకు వెళ్తే మేనేజరు మొట్టమొదట ప్లేస్‌మెంట్ ఎంత అని అడుగుతాడు.

ఇన్ని గడులు విడివిడిగా ఏరుకోవాల్సి వచ్చిందంటే అన్నీ ఒకచోట రాసిన కాగితం లేకే. అలాంటి కాగితం తెలుగువారికి తెలియనిదేమీ కాదు. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం సీటిస్తే ఐ-20 అనే పత్రం పంపుతుంది. ట్యూషన్ ఎంత, బతకడానికి ఎంత, ఇతర ఖర్చులెంత, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. పొలం అమ్మే ముందు ఊళ్లో తండ్రులు ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకం కంటే శ్రద్ధగా చూస్తారు. అమెరికా చదువు చవకని కాదు, అప్పుల కుప్పే. కానీ ఎంత మునగాలో ముందే చెప్పి ముంచుతారు. టెక్సాస్‌లో ఏడాది బతుకు ఖర్చు డాలర్లలో చెప్పగల ఇంటికి, సొంత రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో ఏడాది ఎంతవుతుందో చెప్పే అధికారిక కాగితం లేదు.

కాబట్టి ఫీజు పెంచాలా, తగ్గించాలా అన్న పోట్లాట తర్వాత. ముందు లెక్క రాయండి. ప్రతి విశ్వవిద్యాలయం ఏటా ఒక్క పేజీ వేయాలి. ఫీజు, మెస్, గది, ప్రయాణం, పరీక్షలు, ఖాళీ పోస్టుల వల్ల బయట కొనాల్సిన చదువు. పక్కన ఎవరు కడతారు, ఏ నెలలో కడతారు, ఆలస్యమైతే వడ్డీ ఎవరు భరిస్తారు. మెస్ బాకీ పడిన విద్యార్థి సర్టిఫికెట్ ఆపేటప్పుడు, స్కాలర్‌షిప్ బాకీ పడిన శాఖకు ఏం ఆపాలో కూడా అందులోనే రాయాలి. నిధులు లేవని సర్కారు తప్పుకోవడానికి ఇక్కడ వీల్లేదు. ఈ పేజీకయ్యే ఖర్చు కాగితం, సిరా అంతే. పోయేదల్లా చదువు ఉచితమని సభల్లో చెప్పుకునే సౌకర్యం. బహుశా అంత పెద్ద నష్టాన్ని ఏ ఖజానా భరించలేదని ఆర్థిక శాఖ అభ్యంతరం రాస్తుంది.