మల్కిభరామ ప్రభువుకు ఒక వైవా అభ్యర్థి మనవి

శ్రీ ఇబ్రహీం కులీ కుతుబ్ షా వారికి,
ఉరఫ్ మల్కిభరామ ప్రభువుల వారికి, గోల్కొండ.
(ప్రస్తుత విడిది: కుతుబ్ షాహీ సమాధులు, ఇబ్రహీంబాగ్.)

విషయం: ఎం.ఎ. తెలుగు మౌఖిక పరీక్షకు తమరు ఎక్స్‌టర్నల్‌గా దయచేయాలని విన్నపం.

అయ్యా,

తమ పేరు పెట్టుకున్న ఇబ్రహీంపట్నంలో, పెద్దచెరువుకు దగ్గర్లోని అద్దెగదిలో కూచుని రాస్తున్నాను. శేరిగూడ, మంగళ్‌పల్లి, ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీలే. వాళ్లకు ల్యాబ్ వైవాలు, నాకు సాహిత్యం వైవా. పక్కగది తమ్ముడు ట్రాన్స్‌ఫార్మర్‌ని బట్టీ పడుతుంటే నేను తమర్ని బట్టీ పడుతున్నాను. రాత్రి చాయ్ దగ్గర ఇద్దరం అడుక్కునేది ఒకటే: "ఎక్స్‌టర్నల్ ఎవరంట అన్నా? స్ట్రిక్టా?"

తమరంటే మాకు గ్యారంటీ బిట్టు. తపతీ సంవరణోపాఖ్యానం కర్త? అద్దంకి గంగాధరకవి. కృతిభర్త? మల్కిభరాముడు. కందుకూరి రుద్రకవికి దక్కిన అగ్రహారం? చింతలపాలెం. తొలి అచ్చతెలుగు కావ్యం? పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర. అంకితం పుచ్చుకున్నది తమ కొలువులోని పటాన్‌చెరు అమీన్ ఖాన్. నిద్రలో లేపి అడిగినా తడుముకోం. ఇదంతా సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చిన జెరాక్స్ కట్టలో ఉంది. అది ఉంటే కావ్యం తెరిచే పనిలేదు. తెరిచినవాళ్లకే నష్టం కూడా. ఒక అక్క రుద్రకవి సుగ్రీవ విజయాన్ని నిజంగానే చదివి వెళ్లింది. తార దుఃఖం దగ్గర మొదలుపెట్టబోతే, "అవన్నీ ఎందుకమ్మా, అది ఏ ప్రక్రియ?" అన్నారట. "యక్షగానం సార్." "సరే, తర్వాతివాళ్లను పంపు."

మౌఖిక పరీక్ష నోటితో రాసే బిట్ పేపరైపోయింది ప్రభూ. రాతపరీక్షలో గైడులోని పేరా దించేసి బయటపడొచ్చు. ఎదురుగా కూచున్న మనిషి "ఎందుకు?" అని ఒక్క మాటంటే మాత్రం చదివినవాడెవడో, చదవనివాడెవడో తేలిపోతుంది. ఆ ఒక్క మాటే అడిగేవాళ్లు లేరు.

తమరి సంగతే తీసుకోండి. గంగాధరకవి ఎన్నుకున్న కథ భారతంలోది. సంవరణ మహారాజు వేటకు వెళ్తే ఆకలిదప్పులతో గుర్రం చచ్చిపోతుంది. కొండమీద ఒంటరిగా తిరుగుతూ సూర్యుడి కూతురు తపతిని చూస్తాడు. వసిష్ఠుడు వెళ్లి సూర్యుణ్ని ఒప్పించి పెళ్లి చేయిస్తాడు. జెరాక్స్ కట్టలో కథ ఇక్కడే ఆగిపోయింది, "శృంగార రస ప్రధానం" అని ఒక ముక్క తగిలించి. భారతంలో మాత్రం ఆగలేదు. రాజు రాజ్యాన్ని మంత్రికి ఒదిలేసి పన్నెండేళ్లు ఆ కొండమీదే ఉండిపోతాడు. ఆ పన్నెండేళ్లూ రాజ్యంలో చినుకు పడదు. జనం ఆకలికి ఇళ్లూ వాకిళ్లూ విడిచి పోతారు. చివరికి వసిష్ఠుడే వెళ్లి రాజునూ రాణినీ వెంటబెట్టుకొస్తే గానీ వాన కురవదు.

హుస్సేన్ సాగర్ తమరి ఏలుబడిలోదే. మా పెద్దచెరువును కూడా తమరి ఖాతాలోనే వేస్తారు. ఇన్ని నీళ్లు నిలబెట్టిన రాజుకు, ఏలడం మరిచి కరువు తెచ్చిన రాజు కథను కవి అంకితమిచ్చాడు. అది పొగడ్తా, చురకా? "నువ్వు అలాంటివాడివి కావు" అనడమా, "అలా కావద్దు" అనడమా? సాయంత్రాలు కట్టమీద నడుస్తూ రెండు వాదనలూ పైకి చెప్పుకుంటున్నాను. గేదెలు తోలుకెళ్లేవాళ్లు ఒకమాటు ఆగి చూసి పోతున్నారు. ఇంకో పోలికా కనిపించింది. తమరు 1543లో అన్న జంషీద్‌కు జడిసి విజయనగరం చేరి, ఏడేళ్లు అళియ రామరాయల పంచన ఉండి 1550లో గద్దెనెక్కారు. సంవరణుడూ పాంచాలుడి చేతిలో ఓడి, సింధునది ఒడ్డున తలదాచుకుని, తర్వాత రాజ్యం దక్కించుకున్నవాడే. కవి ఇదంతా ఎరిగే ఈ కథ పట్టుకున్నాడా? (1565లో అదే రామరాయల మీదికి దండెత్తిన సంగతి నేనెత్తను. పరీక్షకుణ్ని ఇరుకున పెట్టినవాడికి మార్కులు పడవు.)

ఇవి అడిగేవాళ్లు లేక తమకు రాస్తున్నాను. కరువు ఘట్టం చదువుతున్నప్పుడు తమరు కవిని ఆపి ఏమన్నా అడిగారా? అడిగే ఉంటారు, అంకితం పుచ్చుకునేవాడికి ఆ మాత్రం హక్కుంది. ఆ ప్రశ్నే నన్నడగండి. నేను తడబడితే మార్కులు కోయండి, ఒప్పుకుంటాను. చింతలపాలెం బిట్టుకు నూటికి నూరు వేసి పంపిస్తేనే ఒప్పుకోను.

టీఏ, డీఏల గురించి ఆఫీసులో విచారిస్తే, చరిత్రపురుషులకు ఇచ్చే పద్ధతి లేదన్నారు. చాయ్, సమోసా ఉంటాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక వైవా అభ్యర్థి, ఇబ్రహీంపట్నం

తా.క.: తమకు వీలుకాకపోతే అమీన్ ఖాన్ గారినైనా పంపండి. పటాన్‌చెరులో ఔటర్ ఎక్కి బొంగ్లూరు దగ్గర దిగితే సాగర్ రోడ్డు మీద మా ఊరు దగ్గరే. టోల్ మేం పెట్టుకుంటాం. యయాతి తన ముసలితనాన్ని కొడుక్కిచ్చి వయసు పుచ్చుకోవడం న్యాయమేనా అని ఆయన ఎంతసేపడిగినా చెప్తాం. యయాతి చరిత్ర కృతిభర్త ఎవరని మాత్రం అడగొద్దనండి, ఆయన మొహం చూసి చెప్పేస్తాం.