స్కాన్ అయిపోయింది, ఇక పడుకోండి

సంతోషం. హైదరాబాదు చరిత్ర ఇక క్షేమం. పాత కాగితాలు స్కానర్‌లో అటు దూరి ఇటు వచ్చేస్తున్నాయి, పాత గోడల మీద లేజర్ బొమ్మలు ఆడుతున్నాయి, మిగిలిన శిథిలాలకు క్యూఆర్ కోడ్లు అంటిస్తున్నారు. చార్మినార్ పెచ్చు ఊడినా దిగులు లేదు, దాని త్రీడీ ప్రతి ఎక్కడో ఒక సర్వర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. (2019 మే నెలలో నిజంగానే ఒక మినార్ నుంచి పెచ్చు ఊడిపడింది. అప్పటికి మనకింకా ఈ జ్ఞానం కలగలేదు కాబట్టి కంగారుపడ్డాం.)

ఈ మధ్య ఏ సభలో ఎవరు మైకు అందుకున్నా, వారసత్వం అనగానే పేజీల లెక్క చెబుతున్నారు, ధాన్యం కొనుగోళ్లలో క్వింటాళ్ల లెక్క చెప్పినట్టు. ఇన్ని లక్షలు స్కాన్ చేశాం, ఇంకెన్నో లక్షలు చేయబోతున్నాం. చప్పట్లు, శాలువా, ఫొటో. ఆ పేజీల్లో ఏముందని అడిగినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

నాకు లక్షలు అక్కర్లేదు, ఒక్క పేజీ కావాల్సి వచ్చింది. వాన పడితే మా గల్లీలో నీళ్లు నిలుస్తాయి. ఇక్కడ ఒకప్పుడు నాలా ఉండేదని బస్తీ పెద్దలంటారు, ఎన్నడూ లేదని అపార్టుమెంటు కట్టినాయన అంటాడు. తగువు తీర్చగల సాక్షి ఒకటుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ఊడ్చుకుపోయాక, 1912-15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి పటాలు గీశారు. ఏ ఇల్లు ఎక్కడ, ఏ బావి ఎక్కడ, ఏ కాలువ ఎటు పోయింది, అన్నీ. మా గల్లీ ఉన్న షీటు చూద్దామని ఒక కార్యాలయానికి వెళ్లాను. పేరెందుకు లెండి, ఈ కథ ఏ కార్యాలయానికి తగిలించినా సరిపోతుంది.

‘అది డిజిటైజ్ అయింది సార్’ అన్నాడు కౌంటరులో అబ్బాయి, గర్వంగా.

‘మంచిది, చూపిస్తారా?’

‘అసలు పటం ఇవ్వం సార్. డిజిటైజ్ అయినవాటిని ముట్టుకోనివ్వద్దని ఆర్డరు.’

‘అసలుది వద్దులెండి, కంప్యూటర్లోదే చూపించండి.’

‘అది ఇంకా అప్‌లోడ్ కాలేదు.’

‘ఎప్పుడవుతుంది?’

‘వెండర్ కాంట్రాక్టు అయిపోయింది సార్. హార్డ్‌డిస్కు బీరువాలో ఉంది. తాళం మేడం దగ్గర. మేడం డిప్యుటేషన్ మీద పోయిన్రు.’

అబ్బాయి తప్పేం లేదు. నాకు టీ కూడా తెప్పించాడు. కానీ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. ఇదివరకు పటం ఒకచోటే ఉండేది, దరఖాస్తు పెడితే, బతిమాలితే, దుమ్ము దులిపి చూపించేవారు. ఇప్పుడు రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా దొరకదు. అసలుది ఎందుకివ్వరంటే నకలు ఉంది కాబట్టి. నకలు ఎందుకివ్వరంటే అది బీరువాలో ఉంది కాబట్టి. చెదల నుంచి, చెమ్మ నుంచి కాపాడారో లేదో తెలియదు గానీ నా నుంచి మాత్రం బ్రహ్మాండంగా కాపాడారు.

పోనీ మేడం తిరిగొచ్చి బీరువా తెరిచారనుకుందాం. అందులో ఏముంటుంది? ఐఎంజీ 0001, ఐఎంజీ 0002, ఐఎంజీ 0003. అలా లక్షల దాకా. ఏ బొమ్మ ఏ కాగితానిది, ఆ కాగితం ఏ బస్తాలోది, ఆ బస్తా ఏ దఫ్తరుది, ఇవేవీ రాసి ఉండవు. ఎందుకంటే టెండరు పిలిచింది పేజీకి ఇన్ని రూపాయలని. చదవడానికి రేటు లేదు. బట్టలో చుట్టిన బస్తా మీద పాతకాలపు గుమస్తా ఒక చీటీ అంటించి, లోపల ఏముందో నాలుగు ముక్కలు రాసి పోయాడు. స్కానింగు హడావుడిలో ఆ చీటీ ఊడిపోతే, మూడు వందల ఏళ్ల పద్ధతిని ఒక మధ్యాహ్నంలో చెరిపేసినట్టే.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నాలుగు కోట్లకు పైగా పత్రాలున్నాయని చెబుతారు. అన్నిటికన్నా పాతది 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ ఫర్మానా. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితాలే లక్షకు మించి ఉన్నాయి. ఇందులో చాలా భాగం ఫారసీ, ఉర్దూ. 1880లలో ఉర్దూ వచ్చి కూర్చునే దాకా నిజాం రాజ్యం లెక్కాపత్రం అంతా ఫారసీలోనే నడిచింది. అది కూడా పుస్తకాల్లో కనిపించే చక్కని ఫారసీ కాదు. షికస్తా రాత. గుమస్తాలు తొందర తొందరగా గీకిన రాత, చుక్కలు పెట్టరు, విడిగా ఉండాల్సిన అక్షరాలను కలిపేస్తారు. అంకెలు కూడా అంకెల్లా ఉండవు, జమాఖర్చులకు సియాక్ అనే వేరే రాత. తేదీలు హిజ్రీలో, రెవెన్యూ కాగితమైతే ఫసలీలో. 1322 ఫసలీ అంటే 1912-13. పేజీకి రూపాయల లెక్కన పనిచేసే కుర్రవాడు ఆ 1322 చూసి, పాపం, కాకతీయ ప్రతాపరుద్రుడి ఖాతాలో వేస్తాడు. మూసీ వరద తర్వాతి మురుగుకాలువ ఖర్చు ఓరుగల్లు కోట ఖజానాలోంచి పోతుంది. సర్వర్‌లో అది శాశ్వతంగా అలాగే ఉంటుంది, క్షేమంగా.

‘ఏఐ చదివేస్తుంది కదా’ అని ఇప్పుడు మరో మాట పుట్టింది. చదువుతుంది, ముందు మనుషులు కొన్ని వేల పేజీలు తప్పుల్లేకుండా చదివి దానికి నేర్పితే. ఆ మనుషులు ఎక్కడున్నారు? నాలుగు కోట్ల కాగితాలు. ఒక్క మనిషి రోజుకు నలభై కాగితాలు చదివి, సారాంశం రాసి, జాబితాకెక్కిస్తాడనుకుందాం. ఏడాదికి మూడు వందల పనిదినాలు. పన్నెండు వేల కాగితాలు. మొత్తం పూర్తవడానికి మూడు వేల మూడు వందల ఏళ్లు. అదే వంద మందిని పెడితే ముప్ఫై మూడేళ్లు. కాబట్టి వంద స్కానర్లు కొనడం కాదు, వంద మంది మనుషులకు జీతాలివ్వాలి. ఆ మాట మైకులో చెబితే చప్పట్లు రావు. అందుకే కేటలాగు లేకుండానే యాప్‌కు పేరు పెట్టి, లోగో కూడా గీయించేస్తున్నాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న ఈజిప్టు అమ్మాయి మమ్మీ కొంచెం పాడవుతుంటే 2016లో స్కానింగులు తీయించారు, ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో పెట్టారు. మంచి పని, కాదనను. ఆవిడ చచ్చిపోయి రెండు వేల ఏళ్లు దాటింది, అయినా వైద్యం అందింది. మన కాగితాలు కూడా ఈజిప్టులో పుట్టి ఉంటే బాగుండేది.

ఇదంతా పాతకాగితాల పిచ్చి ఉన్న నాబోటి వాళ్ల గోల అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ వచ్చింది. చెరువుల్లో కట్టినవి కూల్చడం మొదలైంది. కూలిన ప్రతిచోటా ఒకటే తగువు: చెరువు శిఖం ఎక్కడిదాకా? ఎఫ్‌టీఎల్ గీత, అంటే నిండు నీటిమట్టం గీత, ఎక్కడ? ఒకరి పటం ఒకటి చెబుతుంది, మరొకరి పటం మరొకటి. జీవితకాలం పొదుపు చేసి ఫ్లాటు కొన్నవాడు రోడ్డు మీద నిలబడి ఏడుస్తున్నాడు, చెరువు మింగినవాడు స్టే తెచ్చుకుంటున్నాడు. పాత పటాలు, భూమి లెక్కల సేత్వార్‌లు, 1954-55 ఖాస్రా పహాణీలు ఎవరైనా వచ్చి చూసుకునేలా జాబితా వేసి పెట్టి ఉంటే, ఆ ఫ్లాటు అమ్మేరోజునే కొనేవాడికి తెలిసేది. అనుమతిచ్చిన అధికారికి తెలియదని బుకాయించే వీలుండేది కాదు. అసలు కాగితాన్ని చదవగలిగేవాడు ఊళ్లో లేనప్పుడు నకిలీ కాగితానికి పట్టాభిషేకం జరుగుతుంది. నిజాం కాలం నాటి మున్తఖబ్ (హక్కు పత్రం) అంటూ ఎవడు ఏ జిరాక్సు పట్టుకొచ్చినా, అది తప్పని చెప్పడానికి ఫారసీ తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషిని రిటైర్ చేసి, కుర్చీ ఖాళీగా ఉంచి, ఆ డబ్బుతో స్కానర్ కొన్నాం అంటే ఎవరి మేలు కోసం కొన్నట్టు? నాకు కోపం వస్తోంది, దాచుకోను. ఇది చేతకానితనం మాత్రమే అనుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. చదవలేని రికార్డు కొందరికి చాలా లాభసాటి వ్యవహారం.

మన వారసత్వానికి కాపలా కాయాల్సిన ప్రభుత్వాల చరిత్ర కూడా మరిచిపోకూడదు. నగరంలోని పాత భవనాలకు రక్షణగా ఉన్న రెగ్యులేషన్ 13ను 2015లో ఎత్తేశారు. 2017లో కొత్త హెరిటేజ్ చట్టం తెచ్చారు. 2019లో ఇర్రం మంజిల్ ప్యాలెస్ కూల్చి అక్కడ అసెంబ్లీ కడతామన్నారు, హైకోర్టు అడ్డుపడితే ఆగారు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం పైకప్పు కారుతూ ఉంటే ఏళ్ల తరబడి కూల్చాలా నిలపాలా అని చర్చించారు, 2020 జూలైలో వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. ఏ పార్టీ అని అడక్కండి. కుర్చీలో కూర్చున్నవాళ్లు మారారు, చర్చ మారలేదు.

లేజర్ షోల గురించి రాద్దామనుకున్నాను, గోల్కొండకు అలంకారం చేసినంత మాత్రాన గోడ సందుల్లో మొలిచిన రావిచెట్టు ఎండిపోదు, అంతే. హెరిటేజ్ వాక్‌ల మీద నాకు కోపం లేదు, నడవడం ఆరోగ్యం. క్యూఆర్ కోడ్ ఒకటి స్కాన్ చేస్తే, పేజీ దొరకలేదు అని వచ్చింది. అది కాస్త నిజాయితీగా అనిపించింది.

ఒక్క మ్యూజియం వస్తువు మాత్రం సద్వినియోగమైంది. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్‌లోంచి దిగి బంగారు టిఫిన్ డబ్బా ఎత్తుకెళ్లారు. పట్టుబడ్డాక తేలిందేమిటంటే, వాళ్లలో ఒకడు అందులో రోజూ భోజనం చేశాడట. పోలీసులే చెప్పారు. వస్తువును దాని పనికే వాడిన ఘనత అతనిది. మన అధికారులు బీరువాలోని హార్డ్‌డిస్కును ఒక్కసారైనా తెరిచి చూడరు, దొంగకున్నపాటి శ్రద్ధ కూడా లేదు.

చేతకాదని కాదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు పదేళ్లకు పైగా పనిచేసింది. వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటు గీకేసి, సున్నం పని తెలిసిన మేస్త్రీలతో మళ్లీ సున్నమే పూయించింది. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని తవ్వి నీళ్లు కనిపించేలా చేశారు. రెండు చోట్లా మనుషులున్నారు, సమయం ఇచ్చారు, పని తెలిసినవాళ్లకు డబ్బులిచ్చారు. ఆర్కైవ్స్‌కు ఆ మూడూ ఇవ్వడానికి ఏమొచ్చింది? కాగితం మీద సున్నం పూయడం కుదరదనా? గదిలో ఇరవై రెండు డిగ్రీల వేడి, యాభై శాతం తేమ ఉండేలా చూడటం, చిరిగిన అంచుకు సెల్లోటేపు కాకుండా సన్నని టిష్యూ అతికించడం, షికస్తా నేర్పే ఒక కోర్సు పెట్టి అందులో పాసైనవాళ్లకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వడం. ఫ్లైఓవర్ల ఖర్చు ముందు ఇదెంత? కానీ దీనికి రిబ్బన్ కత్తిరించే చోటు ఎక్కడుంటుంది?

కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఎవరైనా లక్షల పేజీల లెక్క చెబితే చప్పట్లు కొట్టకండి. మీ ఊరి ఆర్కైవ్స్‌కు, మ్యూజియానికి, మున్సిపల్ రికార్డు గదికి ఒక దరఖాస్తు పెట్టండి. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, వాళ్లలో ఫారసీ, షికస్తా, మరాఠీ రాసే మోడి లిపి చదవగలవాళ్లు ఎందరు, స్కాన్ చేసినవాటి జాబితా ఎక్కడ చూడొచ్చు, అని అడగండి. సమాచార హక్కు దరఖాస్తు రుసుము పది రూపాయలు. జవాబు ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి.