గజం ఎంత నడుస్తోంది?

హైదరాబాద్‌లోని మా చందానగర్‌లో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుపడితే ఒకప్పుడు "ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగేవారు. ఇప్పుడు "మీ వైపు గజం ఎంత నడుస్తోంది?" అంటున్నారు. మోకాళ్ల నొప్పులతో మనిషి గేటు దాకా నడవలేకపోయినా, ఆయన స్థలం మాత్రం పరుగులు తీస్తూ ఉంటుంది మరి.

స్థలం విలువ కట్టడానికి మా కాలనీకి సొంత గణితం ఉంది. 2023లో కోకాపేట నియోపొలిస్ లేఔట్ భూముల వేలంలో ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. భాగిస్తే గజం రెండు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో కాలిక్యులేటర్ తియ్యని ఇల్లు లేదు. మూడో ఇంటాయనకి రెండు వందల గజాల స్థలముంది. నాలుగు కోట్ల పదహారు లక్షల దగ్గర ఆగి, మంచినీళ్లు తాగి, "ఇకనుంచి నాతో కాస్త మర్యాదగా మాట్లాడు" అన్నాట్ట భార్యతో. "కోకాపేట ఇక్కడికి పది కిలోమీటర్ల పైమాటే కదండీ" అందావిడ. "రేపు తగ్గుతుందిలే" అన్నాడాయన.

కోకాపేటకి ఆ ధర ఊరికే రాలేదు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఇంతే కట్టాలన్న లెక్క, లేదు. రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు. అక్కడ విశాలమైన రోడ్లు, పెద్ద ప్లాట్లు, వాటి మీద ఆకాశం దాకా అంతస్తులు. మా వీధిలో చెత్త బండీ స్కూలు వ్యానూ ఎదురుపడితే ఒకరు రివర్స్ కొట్టాల్సిందే. ఈ తేడా చెబితే మూడో ఇంటాయన నన్ను కాలనీ అభివృద్ధికి శత్రువుగా చూస్తాడు.

ఇక ఏజెంట్ల సంగతి. వాళ్లకి కిలోమీటర్లుండవు, నిమిషాలే. ఏ వెంచరైనా "ఓఆర్‌ఆర్‌కి పది నిమిషాలు". 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఊరి చుట్టూ వేశాక దానికి దగ్గర కానిదేముంది? మాకు 2003లో లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది, 2017లో పక్కనే మియాపూర్‌కి మెట్రో వచ్చింది. అవి వచ్చాక రేటు పెరిగిందంటే అర్థముంది. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా మెట్రో అన్న ప్రతిపాదన కాగితం మీద ఉండగానే, స్టేషన్ పక్కన ఫ్లాటంటూ అమ్మకాలు మొదలయ్యాయి. రైలు రాలేదు గానీ, రేటు మాత్రం ముందే ఎక్కి కిటికీ పక్క సీటు పట్టేసింది.

చెరువుల మీద వాళ్ల భక్తి కూడా కాలాన్ని బట్టి మారుతుంది. నిన్నమొన్నటి దాకా "లేక్ వ్యూ సార్, బాల్కనీలో నిలబడితే చల్లగాలి" అని అదనంగా గుంజేవారు. 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి, చెరువు నిండు మట్టం (ఎఫ్‌టీఎల్), బఫర్ జోన్ అంటూ కట్టడాలు కూల్చడం మొదలుపెట్టాక, అదే ఏజెంటు అదే బాల్కనీలో నిలబడి, "చెరువా? ఈ చుట్టుపక్కల చెరువే లేదు సార్, మీరు చూసేది వాన నీళ్లు" అంటున్నాడు.

నాకు మాత్రం వీళ్లెవరి లెక్కలూ అక్కర్లేదు. పొద్దున్నే ఓ చుట్టు తిరిగొస్తే కాలనీ ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఇడ్లీ బండి ఉన్నచోట చిరుధాన్యాల దోసెల కెఫే వెలిసింది. అక్కడ దోసె కంటే ముందు దాని జీవిత చరిత్ర వడ్డిస్తారు. వీధికుక్కల మధ్య బొచ్చుకుక్కలు షికారుకొస్తున్నాయి, వెనకాల జీతగాడితో సహా. "ఫ్యామిలీకి మాత్రమే" అని బోర్డు పెట్టి, శాకాహారులా, ఏ ఊరు, ఏ వంశం అని కూపీ లాగిన పెద్దాయనే మేడంతా పీజీ హాస్టల్‌కిచ్చి, ఇప్పుడు ఎవరి పేరూ అడగడం లేదు.

పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు ఇల్లు డెవలప్‌మెంటుకిచ్చారు. జామచెట్టూ బావీ పోయి అయిదంతస్తులు లేచాయి. ఆయన వాటాకి రెండున్నర అంతస్తులు. ఆ అర అంతస్తు ఎటు వైపుదన్న విషయంలో బిల్డరుతో ఆయనకి మాటల్లేవు.

ఇంత సంపద మీద కూర్చున్నాం కదా, ఖర్చు పెట్టుకుందామంటే దారి లేదు. అమ్మితే మళ్లీ ఎక్కడో కొనాలి, అక్కడా ఇదే రేటు. మా అబ్బాయి గచ్చిబౌలిలో మంచి జీతానికే చేస్తున్నాడు. తను పుట్టి పెరిగిన వీధిలో రెండు పడగ్గదుల ఫ్లాటు కొందామని ఈఎంఐ లెక్క వేసుకుని, "నాన్నా, మీ పక్క గదిలోనే ఉంటాం" అన్నాడు. నేను కోటీశ్వరుణ్ణి, నా కొడుకు నాకు కిరాయి కట్టని కిరాయిదారు.

ఇన్నాళ్లూ కిరాయి కట్టినవాళ్లేమో మూటాముల్లె సర్దుకుంటున్నారు. ఇస్త్రీ బండి ఆయన కనబడక ఫోన్ చేస్తే, "ఈడ కిరాయిలు మాతోని అయితలేవు సార్, పటాన్‌చెరు అవుతలకు పోయినం" అన్నాడు. ఆ తర్వాత పనమ్మాయి వెళ్లింది, ఆ వెంటే వాచ్‌మన్. గజం పెరిగినకొద్దీ, ఆ గజాన్ని ఊడ్చేవాళ్లు ఒక్కొక్క స్టాపే దూరం జరుగుతున్నారు.

పోయిన ఆదివారం కాలనీ సంక్షేమ సంఘం సమావేశమైంది. రేట్లు పెరిగినందుకు సభ్యులు పరస్పరం అభినందించుకున్నారు. ఆ వెంటనే రెండో తీర్మానం: అర్జెంటుగా వాచ్‌మన్, పనివాళ్లు కావలెను, జీతం పాతదే, దగ్గర్లో ఉండేవారికి ప్రాధాన్యం. "దగ్గర్లో వాళ్లెలా ఉండగలరండీ?" అన్నాను. సెక్రటరీ గారు కళ్లజోడు సవరించుకుని అన్నారు: "పటాన్‌చెరు అయినా ఫరవాలేదండీ, మెట్రో వస్తోందిగా!"