వన్ బై టూ లీగ్

ఫిబ్రవరి 14న ఇండియన్ సూపర్ లీగ్ మొదలవుతుందని 2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి మన్‌సుఖ్ మాండవీయ శుభవార్త చెప్పారు. ఆ సాయంత్రమే సికింద్రాబాద్‌లో ఓ ఇరానీ హోటల్లో, మూల బల్ల దగ్గర నలుగురు ఫుట్‌బాల్ పిచ్చోళ్ళు పండగ చేసుకుందామని కూర్చున్నారు. చేతిలో డబ్బులు చూసుకుని, "రెండు వన్ బై టూ" అని కేకేశారు.

సరిగ్గా అప్పుడే ఒకాయనకి జ్ఞానోదయమైంది. "అరే, గదే గదా లీగోళ్ళు చేసింది!"

లెక్క చూస్తే నిజమే. 2024-25 సీజన్‌లో 13 జట్లు, మొత్తం 163 మ్యాచ్‌లు. 2025-26కి 14 జట్లు, 91 మ్యాచ్‌లు. ఒక్కో జంట ఒక్కసారే తలపడుతుంది. సొంతూళ్ళో ఒకటి, వాళ్ళ ఊళ్ళో ఒకటి అనే పాత మర్యాద పోయింది. జట్టుకి 13 మ్యాచ్‌లే కాబట్టి సొంత మైదానంలో కొందరికి 7, కొందరికి 6. కప్పు ఎవరికి, సాసర్ ఎవరికి అన్న తగువు ఇక్కడా తప్పదన్నమాట.

చాయ్ సాసర్‌లో పోసుకుంటూ బల్ల దగ్గరి మేధావులు ఈ సిద్ధాంతాన్ని ముందుకు నడిపారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఒక్కసారే ఆడతాయి గనక మొదటి సగం బగాన్ అభిమానుల్ని, రెండో సగం ఈస్ట్ బెంగాల్ వాళ్ళని లోపలికి పంపితే టికెట్లు రెండింతలు అమ్ముకోవచ్చు. పెనాల్టీ 12 గజాల నుంచెందుకు, ఆరు చాలు. గోల్‌కీపర్ ఒకడే, రెండు వైపులా పరిగెత్తుతాడు. జీతాలకి కొత్త రూలు అక్కర్లేదు. 2025 ఆగస్టులో బెంగళూరు క్లబ్ ఆటగాళ్ళ జీతాలు నిరవధికంగా నిలిపేసి, సగం కూడా దండగేనని ముందే తేల్చింది.

ఆసియా పోటీల్లో ఆడాలంటే క్లబ్బు సీజన్‌కి కనీసం 24 మ్యాచ్‌లు ఆడి ఉండాలన్నది ఏఎఫ్‌సీ నిబంధన. దానికీ జవాబు దొరికింది. "24లో సగం 12. మనం 13 ఆడుతున్నం. ఒకటి ఎక్కువే ఉంది, వాపసియ్యాలె."

డబ్బు మాటకొస్తే నవ్వు ఇంకాస్త గట్టిగా వినిపించింది. 2010లో వాణిజ్య భాగస్వామితో 15 ఏళ్ళకి 700 కోట్ల ఒప్పందం రాసుకుని, ఈమధ్య దాకా ఏటా 50 కోట్లు పుచ్చుకున్న భారత ఫుట్‌బాల్ సమాఖ్య, కొత్త భాగస్వామి కావాలని టెండర్ పిలిచింది. ఏటా 37.5 కోట్లు, లేదా ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. 2025 నవంబరులో గడువు ముగిసేసరికి ఒక్క దరఖాస్తూ రాలేదు. చివరికి సమాఖ్యే లీగ్‌కి 14 కోట్లు వేసుకోవడానికి ఒప్పుకుంది. పుచ్చుకునే చెయ్యి పెట్టే చెయ్యయింది, పాపం.

ఆ బల్ల దగ్గర హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ వేసుకున్న కుర్రాడు మాత్రం నవ్వలేదు. ఉతికి ఉతికి ఛాతీ మీది బొమ్మ పెచ్చులూడింది. 2022 మార్చి 20న ఫతోర్దాలో లీగ్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో తవోరా స్కోరు సమం చేసిన రాత్రి, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిన రాత్రి కొన్న జెర్సీ అది. ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ మూడున్నరేళ్ళకే ఢిల్లీకి మూటాముల్లె సర్దుకుని పేరు కూడా మార్చుకుంది. పంపకంలో ఈ ఊరికి సాసర్ కూడా రాలేదు. గచ్చిబౌలి మైదానంలో గడ్డి మిగిలింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానంలో నిలబెట్టి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఊరు ఇది. 1950 నుంచి 54 దాకా రోవర్స్ కప్‌ని వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చిన సిటీ పోలీస్ జట్టు ఊరు ఇది.

పాత ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగుస్తుందని సంతకం పెట్టిన రోజే రాసి ఉంది. వరద కాదు, భూకంపం కాదు, క్యాలెండర్లో ఉన్న తేదీ. సమాఖ్య నియమావళి మీది కోర్టు కేసు అడ్డొచ్చిందంటారు. ఆ కేసు 2017 నుంచీ నడిచింది, అదీ తెలిసిందే. పదిహేనేళ్ళు టైమున్న పెద్దమనుషులు గడువు దాటాక మేల్కొని, సగం లీగ్ పెట్టి, అది తమ ఘనతని మైకు ముందు చెప్పుకున్నారు. సునీల్ ఛెత్రీ, గుర్‌ప్రీత్, జింగన్‌లాంటి వాళ్ళు కెమెరా ముందు నిలబడి, మమ్మల్ని కాపాడమని ఫిఫాని అడుక్కోవాల్సి వచ్చింది. దేశం తరఫున ఆడినవాళ్ళు! వాళ్ళకైనా మాట్లాడితే వినే కెమెరా ఉంది. జెర్సీలు ఉతికేవాడికీ, కాళ్ళకి పట్టీ కట్టేవాడికీ, డ్రైవరుకీ లీగ్ ఆగిపోయిన ఆర్నెల్లూ ఇల్లెలా గడిచిందో ఏ ప్రకటనలోనూ లేదు. సిగ్గుండాలి.

బిల్లు వచ్చింది. నలుగురూ చిల్లర ఏరుకుంటుంటే పసుపు జెర్సీ కుర్రాడు, "ఢిల్లీ మ్యాచ్ ఎప్పుడంట అన్నా?" అన్నాడు. షెడ్యూల్ అప్పటికింకా రాలేదు.