పాట తప్ప అన్నీ తెచ్చుకోండి

సంగీతంలో పీహెచ్‌డీ చేద్దామని నిశ్చయించుకున్న ఆనందపురం వాసులు ముందుగా చేయాల్సిన పని సాధన మానేయడం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అకారాలు తీసేవాళ్ళు పూల మార్కెట్టులో బంతిపూల బుట్టలు దింపే కేకలకు పోటీ రావడం తప్ప సాధించేదేమీ లేదు. దరఖాస్తులో కులానికి గడి ఉంటుంది, పీజీ మార్కుల శాతానికి ఉంటుంది, ఆధార్ నంబరుకు ఉంటుంది. శ్రుతికి ఉండదు. లేని గడి కోసం గొంతు చించుకోవడం దేనికి?

విషయం ఊళ్ళో చెప్పకండి. చెబితే పూలమ్మే ముసలమ్మ, “పాటకి కూడా డాట్రీ సదువుందేటమ్మా?” అని అడుగుతుంది. ఆరేళ్ళు చదివినా ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందన్న హామీ లేదు. పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేసి, “మన మండలంలోనే గంభీరంలో ఐఐఎం కట్టారు కదా, అందులో చేరిపోరాదూ?” అంటాడు. నవ్వి ఊరుకోండి. ఆయన సలహాలో దోషం లేదు, దూరం కూడా తక్కువే.

ఇక హైవే మీదికి వచ్చాక జాగ్రత్త. మద్దిలపాలెంలో దిగితే ఆంధ్రా యూనివర్సిటీ. అటుకాకుండా పొరపాటున విజయనగరం వెళ్ళే బస్సెక్కారో, ఒక చెడ్డ ఉదాహరణ ఎదురవుతుంది. 1919లో అక్కడి మహారాజు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, అప్పటికి పాతికేళ్ళ పైమాట, విద్యార్థిగా చేరదామని ఫిడేలు పట్టుకుని వెళ్ళారు. వాళ్ళు విన్నారు. విని, ఈయనకు విద్యార్థి సీటు ఇవ్వడం కుదరదని తేల్చి, వయొలిన్ ఆచార్య పదవిలో నియమించారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధిని చేసింది. ఇలాంటి అడ్మిషన్ ఇవాళ జరిగితే విజిలెన్సు విచారణ ఖాయం. పీజీలో 55 శాతం ఏది? మైగ్రేషన్ సర్టిఫికెట్ ఏది? గెజిటెడ్ సంతకం ఎక్కడ? ముందు విని తర్వాత నిర్ణయించడమనే ఆ పద్ధతిని మనం చాలా కష్టపడి సరిదిద్దుకున్నాం. కాబట్టి ఆ కథను ఇంటర్వ్యూలో ఎత్తకండి.

సరైన దారి యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష. మూడు గంటల సేపు కంప్యూటర్ ముందు కూర్చుని 150 ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. మొదటి 50 ప్రశ్నలు పట్టికలు చదవడం, తర్కం, కాలుష్యం, ఉన్నత విద్యా వ్యవస్థ లాంటి వాటిమీద. మిగతా వంద సంగీతం మీద. సంగీతమంటే సబ్జెక్టు కోడ్ 16. హిందుస్తానీ, కర్ణాటక, రవీంద్ర సంగీతం, మృదంగం, తబలా అన్నీ ఆ ఒక్క అంకె కిందే సర్దుకుంటాయి. ఇంత ఐకమత్యం కచేరీ వేదికల మీద ఎన్నడూ చూడలేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటుంది. త్యాగరాజు తెలుగులో పాడుకుంటే అది ఆయన ఇష్టం. ఆయన గురించి అడగాలంటే మాత్రం ఈ రెండు భాషల్లోనే అడుగుతారు. అందుకని ఆనందపురంలో పుట్టిన మీరు మీ అమ్మ పాడిన కీర్తనను ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని, అప్పుడు గుర్తుతెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. కల్యాణి పాడమని ఎవరూ అడగరు. అది ఎన్నో మేళకర్తో చెబితే చాలు. అరవై ఐదు. నొక్కండి, ముందుకు వెళ్ళండి.

అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలు. అది వచ్చినవాళ్ళకు ఈ వ్యాసంతో పని లేదు, వాళ్ళ పెళ్ళిచూపులే మొదలైపోతాయి. రానివాళ్ళకు 2024 నుంచి నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం లెక్క. ఇవి కాక రాష్ట్రం నిర్వహించే పరిశోధన ప్రవేశ పరీక్ష ఆర్‌సెట్ ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని రోజూ ఫోన్ చూసుకోవడం కూడా ఒక రకం తాళజ్ఞానమే.

తర్వాత గైడు. ఆయన బాణీ ఏమిటి, గురుపరంపర ఏమిటి, వీణా, గాత్రమా అన్నవి తీరిగ్గా తెలుసుకోవచ్చు. ముందు రిటైర్మెంట్ తేదీ కనుక్కోండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మూడేళ్ళకన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్ళు కొత్త పరిశోధకులను తీసుకోకూడదు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు, అంతే. అంటే విద్య పూర్తిగా పండిన మనిషి దగ్గరికి వెళ్ళేసరికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. గురువును వెతుక్కుంటూ కావేరీ తీరం దాకా నడిచిన రోజులు పోయాయి. ఇప్పుడు ఖాళీని వెతుక్కుంటూ పోవాలి.

అంశం ఎంపిక దగ్గర చాలామంది కాలు జారతారు. ఒకే సూత్రం గుర్తుంచుకోండి: వినాల్సిన అవసరం లేని అంశమే మంచి అంశం. త్యాగరాజ కృతులలో భక్తి, అన్నమయ్య పదాలలో శృంగారం, క్షేత్రయ్య నాయికలు. వీటిలో పుస్తకం ముందేసుకుని, ఫ్యాన్ కింద కూర్చుని, చెవులకు ఏ శ్రమా లేకుండా మూడు వందల పేజీలు నింపవచ్చు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే ఉంది కదా అని ఆశపడకండి. దాని నిండా గమకాల గుర్తులు. పాడుకుని చూస్తే తప్ప అవి లొంగవు. పాడటం ఎప్పుడో మానేశాం కదా.

అంతకన్నా ప్రమాదం మన చుట్టూ ఉన్న సంగీతం. సింహాచలం అప్పన్న పేరు చెప్పుకుని, రొమ్ముకు రేకు గుళ్ళు కట్టుకుని వాయిస్తూ, ఎగురుతూ, అదే ఊపిరితో పాడే తప్పెటగుళ్ళ బృందాలు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉన్నాయి. ఆ గెంతుకూ ఆ దరువుకూ ఉన్న లెక్క పట్టాలంటే రాత్రంతా మేలుకోవాలి, రికార్డు చేయాలి, మళ్ళీ మళ్ళీ విని స్వరపరచాలి, తప్పు రాస్తే ఆ కళాకారుడే “అలా కాదు బాబూ” అని దిద్దుతాడు. చనిపోయిన వాగ్గేయకారులతో ఈ బెడద లేదు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ అయితే మరీ కష్టం. తీగ మీద ఆ జముకు చేసే మూలుగుకు ఏ స్వరం పేరు పెడతారు? హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేస్తూ పాటలు కట్టిన వంగపండు ప్రసాదరావు 2020లో పోయారు. ఆయన పాటల్లో సామాజిక చైతన్యం మీద ఎన్ని పేజీలైనా రాయండి. ఆ గొంతు ఎక్కడ విరిగేది, ఆయన కాలి గజ్జె ఏ నడకలో పడేది అన్న జోలికి మాత్రం పోకండి. దానికి చెవులు కావాలి, అవి నోటిఫికేషన్‌లో అడగలేదు.

పీహెచ్‌డీ కచేరీ కాదు కదా, పరిశోధనకు రాతే కదా ముఖ్యం అని మీరు అనవచ్చు. ఒప్పుకుంటాను. అయినా వినకుండా రాసిన సంగీత గ్రంథం రుచి చూడకుండా పులుసు గురించి రాసిన వ్యాసం లాంటిదని నా మొండి అభిప్రాయం. వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ 1975లో అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో డాక్టరేట్ పుచ్చుకున్నది రాగాలాపన మీద, అంటే తాను రోజూ చేసే పని మీద. అలాంటి అత్యాశలు మీకొద్దు. ఆ దేశంలో డీఎంఏ అని పాడేవాళ్ళకూ వాయించేవాళ్ళకూ విడిగా ఒక డాక్టరేట్ ఉంది. దానికి దరఖాస్తు పెడితే ముందే రికార్డింగు పంపమంటారు. ఎంత అనాగరికం!

సీటొచ్చాక 12 క్రెడిట్ల కోర్సువర్కు, ఆరునెలలకోసారి ప్రగతి నివేదిక, ఆరేళ్ళ గడువు, ఆడవాళ్ళకు అదనంగా రెండేళ్ళు. చివర్లో సాఫ్ట్‌వేర్ మీ గ్రంథాన్ని వెతికి పోలికలు పది శాతం దాటాయా అని చూస్తుంది. సరిగమలు అందరివీ ఏడే కాబట్టి స్వరలిపి ఎంత తక్కువ ఉంటే అంత క్షేమం.

ఇంత జరిగాక కూడా, వైవా రోజు ఒకే ఒక్క ప్రమాదం మిగిలి ఉంటుంది. హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నాక ఎవరో ఒక పెద్దాయన మీవైపు తిరిగి, “అమ్మా, నువ్వే ఓ ప్రార్థనా గీతం అందుకో” అంటారు. కంగారు పడకండి. ఫోన్‌లో శ్రుతి పెట్టుకోండి, పల్లవి, ఒక చరణం, రెండు నిమిషాల్లో ముగించండి. ఎలా పాడినా ఎవరూ మార్కులు తీయరు, వేయరు కూడా. ఈలోగా బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారి టీఏ బిల్లు మీద సంతకం పెట్టించడం మరచిపోకండి.